ప్లాస్టరింగుకి ముందే పిలవండి



మన పల్నాడు దాచేపల్లి సెంటర్లో నిలబడి ఏ బిల్డింగ్ కాంట్రాక్టరునైనా ఫైర్ తనిఖీ సంగతి అడిగి చూడండి. "మనవి రెండంతస్తులేగా సార్, అవన్నీ హైదరాబాదు టవర్లకి" అంటాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే ఇవాళ్టి ప్రసంగం.

నిజమున్న సగం ముందు చెప్పుకుందాం. ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం 1999లో వచ్చింది. దాని పదమూడో సెక్షన్ ప్రకారం నివాస భవనమైతే 18 మీటర్లకు మించి, వ్యాపార భవనమైతే 15 మీటర్లు, ఆపైన ఎత్తు కట్టదలచుకున్నవాళ్లు పని మొదలుపెట్టకముందే అగ్నిమాపక శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. అడుగుల్లో చెప్పాలంటే అరవై, యాభై. దాచేపల్లిలో అంత ఎత్తు లేచేవి తక్కువే కాబట్టి మన కాంట్రాక్టరు నిబ్బరంగా ఉంటాడు. అయితే ఆ సెక్షన్ అక్కడితో ఆగలేదు. బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు, ప్రార్థనా మందిరం, ఇలా జనం గుమిగూడే ఏ కట్టడమైనా సరే, స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఎత్తు 6 మీటర్లకు చేరినా ఈ లెక్కలోకే వస్తుంది. 500 చదరపు మీటర్లంటే మన కొలతలో పన్నెండు సెంట్ల పైచిలుకు. 6 మీటర్లంటే ఇరవై అడుగులు. పన్నెండు సెంట్లలో ఫంక్షన్ హాలు ఎవరు కడతారు చెప్పండి? పెళ్లివారి కార్లకే చాలదు. హాలు సీలింగు ఒక్కటే ఇరవై అడుగులకు పోతుంది. అంటే మనూళ్లో లేచే ప్రతి ఫంక్షన్ హాలూ, దాదాపు ప్రతి ప్రైవేటు బడీ ఆ టవర్లతో సమానంగా తనిఖీ జరగాల్సినవే.

ఇలాంటి కట్టడాలు మన దగ్గర పెరుగుతున్నాయి కూడా. దాచేపల్లి ఇప్పుడు గ్రామ పంచాయతీ కాదు. నడికుడితో కలిపి నగర పంచాయతీ అయింది, 2021 నవంబరులో ఎన్నికలు కూడా జరిగాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి జిల్లా కార్యాలయాలు నరసరావుపేటకు వచ్చాయి. అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి పొడుగునా ఇదివరకు మిరప చేలు ఉన్నచోట షోరూములు, హాస్పిటళ్లు, హాళ్లు లేస్తున్నాయి. నాపరాయి గోడ, రేకుల కప్పు కట్టించే మేస్త్రే ఇవాళ మూడంతస్తుల హాస్పిటలు ఒప్పుకుంటున్నాడు. పనితనంలో వంక పెట్టలేం. పల్నాటి మేస్త్రికి రాయి సంగతీ, సిమెంటు సంగతీ ఎవరూ నేర్పక్కర్లేదు, పక్కనే పిడుగురాళ్ల సున్నం బట్టీలు, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. ఆయనకు చిన్నప్పటినుంచీ పరిచయం లేనిది ఒక్కటే, గోడలోపల కనబడకుండా ఉండాల్సిన ఫైర్ లైను.

అసలు తనిఖీ ఎలా నడుస్తుందో చూద్దాం. ప్లాను గీసి ఆన్‌లైన్‌లో పెట్టే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు, అదే ఎల్‌టీపీ, అగ్నిమాపక శాఖకు కూడా నక్షాలు పంపుతాడు. శాఖ పూర్తి పేరు ఇప్పుడు రాష్ట్ర విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. వాళ్లు స్థలం చూసి, నక్షా చూసి, ఫలానా ఏర్పాట్లు చెయ్యాలని షరతులు రాసి ఒక ప్రొవిజనల్ ఎన్‌వోసీ, అంటే తాత్కాలిక నిరభ్యంతర పత్రం, ఇస్తారు. కట్టడం అయ్యాక మళ్లీ దరఖాస్తు. మళ్లీ వస్తారు. షరతుల ప్రకారం ఉంటే ఆక్యుపెన్సీ ఎన్‌వోసీ, లేకపోతే లోపాల జాబితా. అంటే పునాది తవ్వకముందు ఒకసారి, రంగులు వేశాక ఒకసారి. ఈ రెండింటికీ మధ్య ఏడాది, ఏడాదిన్నర గడుస్తుంది. గోడలు లేచేదీ, స్లాబులు పడేదీ, పైపులు గోడల్లో పూడిపోయేదీ ఆ మధ్యకాలంలోనే. అప్పుడు ఎవరూ రారు. కాంట్రాక్టరే పిలిపించుకోవాలి. నా మాటంతా ఈ మధ్య తనిఖీల గురించే.

చివరి తనిఖీలో దొరికే లోపాల్లో సిలిండర్ లేకపోవడం, బోర్డు లేకపోవడం లాంటివి ఒక రోజు పని. కొనుక్కొచ్చి తగిలిస్తారు. మెట్లు ఇరుకైతే? మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం జనం గుమిగూడే హాళ్లకు మామూలుగా మెట్ల వెడల్పు రెండు మీటర్లు ఉండాలి. ఓనరు చివర్లో ఒక గది పెంచమన్నాడని మెట్లను నాలుగడుగులకు కుదించి స్లాబు వేశాక, ఏ ఆఫీసరు వచ్చి ఏం చెయ్యగలడు? కొట్టించమనాలి, లేదా కళ్లు మూసుకోవాలి. మొదటిది జరిగితే కాంట్రాక్టరు మునుగుతాడు. రెండోది జరిగితే మునిగేది పెళ్లికొచ్చినవాళ్లు.

మొన్నామధ్య ఒక ఫంక్షన్ హాలు పని చూడ్డానికి పిలిస్తే వెళ్లాను. ఊరి పేరు వద్దు. ఇటుక పని అయింది, కరెంటు గొట్టాలు వేశారు, మర్నాడు ప్లాస్టరింగు మొదలు. కింది అంతస్తులో కరెంటు డక్టు తలుపు తీసి తల లోపల పెట్టి పైకి చూశాను. టెర్రస్ మీది ఆకాశం కనబడింది. అన్ని స్లాబులకూ అడుగున్నర వెడల్పు కంత, ఒకదాని కింద ఒకటి, తాడు పట్టి వదిలినంత సూటిగా. మెయిన్ కేబుల్ అందులోంచే పోతుంది. కింద ప్యానెల్ బోర్డులో నిప్పు పుడితే పొగ మెట్లదాకా కూడా రానక్కర్లేదు, ఈ డక్టులోంచి నిమిషాల్లో పై డైనింగు హాల్లోకి వెళ్తుంది.

కాంట్రాక్టరు కుర్రవాడు, ఇంజనీరింగు చదివినవాడే. మేస్త్రి వైపు తిరిగాడు.

"బాబాయ్, ఈ కంతలు మూసెయ్యమని చెప్పలా?"

"చెప్పావ్ అబ్బాయ్. ప్లైవుడ్డు ముక్కలు కోయించి పెట్టా. పైన పట్టీ కొట్టి రంగేస్తే తెలవదు."

మేస్త్రి చెప్పినదాంట్లో దాపరికం ఏమీ లేదు. ఆయనకు అర్థమైనంతవరకు కంత మూయడమంటే కంటికి కనబడకుండా చెయ్యడం. నిప్పుకు నిలిచే పదార్థంతో, ప్రతి అంతస్తు దగ్గరా, కేబుల్ చుట్టూ సందు లేకుండా పూడ్చాలని ప్రొవిజనల్ ఎన్‌వోసీ షరతుల్లోనే రాసి ఉంది. ఆ కాగితం ఎక్కడుందని అడిగాను. ఓనరు బీరువాలో ఉందట. బ్యాంకు లోనుకు కావాలని తీసుకుని అక్కడే పెట్టాడు. మేస్త్రి దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

అందుకని ఏ కాంట్రాక్టరు కనబడినా ముందు ఆ షరతుల కాగితం జిరాక్సు తీసి, తెలుగులో రాయించి, లామినేషన్ చేయించి సిమెంటు గది గోడకు కొట్టమంటాను. ఖర్చు వంద రూపాయల లోపు. కూలి లెక్కలు రాసే గోడమీదే ఉంటే మేస్త్రి కళ్లు రోజూ దానిమీద పడతాయి.

ఇక మధ్య తనిఖీలకు ఎప్పుడెప్పుడు పిలిపించుకోవాలి? పునాదులప్పుడు మొదటిసారి. ఫైర్ ఇంజను లోపలికి వచ్చే దారి అప్పుడే తేలిపోతుంది. ఫంక్షన్ హాలుకు గేటుకన్నా ముందు ఆర్చీ కావాలి మనవాళ్లకు. వినాయకుడో, రెండు ఏనుగులో, హాలు పేరో. సరే, అందం కోసం పెట్టుకోండి. కానీ దానికింద కనీసం నాలుగున్నర మీటర్ల ఎత్తు ఖాళీ ఉండాలి, వెడల్పు ఇంజను తిరిగేంత ఉండాలి. ఆర్చీ కట్టేవాడు హాలు కట్టిన కాంట్రాక్టరు కాదు, తర్వాత వచ్చే బొమ్మల మేస్త్రి. ఆయనకు కొలత ఎవరు చెబుతారు? హాలుకు సున్నా లోపాలతో సర్టిఫికెట్ వచ్చి, ఆ తర్వాత కట్టిన ఆర్చీ దగ్గర ఇంజను ఆగిపోతే లాభమేంటి?

నీళ్ల తొట్టి కూడా పునాది దశలోదే. ఇంటి వాడకానికీ, ఫైర్ పంపుకీ ఒకే సంపు కట్టడం మన దగ్గర మామూలు. స్థలం, డబ్బు కలిసొస్తాయి, తప్పేం లేదు. కానీ వాడకం పైపు ఎంత ఎత్తులో పెట్టాలన్నదే కీలకం. వాడకం మోటారు గొట్టం తొట్టి అడుగుదాకా దింపితే పెళ్లిరోజు మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ. వంటవాళ్లూ, చేతులు కడుక్కునేవాళ్లూ, మన వేసవీ. అదే గొట్టాన్ని ఫైరుకు కేటాయించిన మట్టం పైన ఆపేస్తే, వాడకం నీళ్లు అయిపోయినా కింద ఆ నిల్వ ఉంటుంది. దీనికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. ప్లంబరు గొట్టం కోసే ముందు ఒక మాట చెప్పాలి, అంతే. తర్వాత చెబితే సంపు తోడించి, మనిషి దిగి, గొట్టం మార్చాలి.

పంపు సంగతీ అలాంటిదే. మంట వచ్చిందంటే ఎవరైనా ముందు చేసే పని మెయిన్ ఆపేయడం. చెయ్యాల్సిందే. ఫైర్ పంపుకు వెళ్లే వైరు ఆ మెయిన్ కిందనుంచే పోతే పంపూ ఆగిపోతుంది. ఎర్రగా, కొత్తగా, నీళ్లమీద కూర్చుని పని చెయ్యని పంపు. మెయిన్ ప్యానెల్‌తో సంబంధం లేకుండా దానికి విడిగా కేబుల్ లాగాలని అందుకే అంటారు. ఎలక్ట్రీషియన్ గోడలు కొట్టి గొట్టాలు వేసే వారంలో రెండోసారి పిలిపించి చూస్తే ఇది అయిదు నిమిషాల పరిశీలన.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్లాస్టరింగుకు ముందు. నీళ్ల లైను బిగించాక వాల్వులు మూసి, పంపుతో ఒత్తిడి ఎక్కించి, గేజీ ముల్లు పడిపోతుందేమో కొన్ని గంటలు చూస్తారు. పడిపోతే ఎక్కడో లీకు. గోడ తెరిచి ఉంటే తడి చుక్క కనబడుతుంది, బిగిస్తారు. ప్లాస్టరింగు, పుట్టీ, రంగు, పైన వాల్‌పేపరు అయ్యాక లీకు దొరికితే? హాలు ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేసి ఉంటారు, శుభలేఖలు అచ్చయి ఉంటాయి. వాల్వు మూసేసి ఊరుకుంటారు. ఆ వాల్వు ఇక ఎప్పటికీ తెరవరు.

అన్నట్టు, శుభలేఖల మాట వచ్చింది కాబట్టి శ్రీరంగం గుర్తు చెయ్యాలి. 2004 జనవరి 23న అక్కడ ఒక కల్యాణ మండపంలో పెళ్లి జరుగుతుండగా పైన వేసిన ఆకుల పందిరికి నిప్పంటుకుంది. పెళ్లికొడుకుతో సహా యాభై మందికి పైగా పోయారు. మండపం పైభాగంలో పందిరి, కిందికి దిగడానికి ఇరుకు మెట్లు. పెళ్లిళ్లలో మనవాళ్లు ఒకేసారి లేస్తారు, ఒకేవైపు పరిగెడతారు, పిల్లల్ని వెతుక్కుంటూ వెనక్కి తిరుగుతారు. రెండు మీటర్ల మెట్లు అని కోడ్‌లో రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఓనరుతో వాదించేటప్పుడు కోడ్ నంబరు చెప్పే బదులు శ్రీరంగం పేరు చెప్పమని మన కాంట్రాక్టర్లకు నా సలహా. కోడ్‌తో బేరమాడతారు గానీ శ్రీరంగంతో ఆడలేరు.

ఇప్పుడు కోల్డ్ స్టోరేజీల సంగతి. ఇది మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల సొంత కష్టం. లక్షకు అటూ ఇటూ టిక్కీలు పట్టే గోదాము, ఒక్కో టిక్కీలో నలభై కిలోల పైన ఎండుమిర్చి. కిటికీలు ఉండవు, చల్లదనం పోకూడదు గనక. గోడలకీ, కప్పుకీ లోపలివైపు థర్మోకోల్ గానీ, ఫోమ్ గానీ పరుస్తారు. ఈ రెండూ నిప్పు తగిలితే ఎంత తొందరగా అందుకుంటాయో చెప్పక్కర్లేదు. పైగా లోపల మండేది మిరపకాయ. పొయ్యిమీద నాలుగు కాయలు మాడితే ఇల్లంతా దగ్గుతుంది, అక్కడ వేల టన్నులు. ముక్కుకు గాలి సిలిండరు లేకుండా ఫైర్ సిబ్బంది గుమ్మం కూడా దాటలేరు. గుంటూరు చుట్టుపక్కల ఇలాంటి గోదాము అంటుకున్నప్పుడల్లా చూశాం కదా, రోజుల తరబడి పొగ, చివరికి జేసీబీ తెచ్చి గోడలు పగలగొట్టి సరుకు బయటికి లాగడం. గోడ పగలగొట్టాల్సి వచ్చిందంటే కట్టేటప్పుడే అక్కడ ఒక తలుపు ఉండాల్సిందని అర్థం. చల్లదనం పోని తలుపులు దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ. గోదాములోని సరుకు కన్నా ఎక్కువ కాదు.

కోల్డ్ స్టోరేజీ ఫ్యాక్టరీల చట్టం కిందికి వస్తుంది, 1948 నాటి ఆ చట్టంలో ముప్ఫై ఎనిమిదో సెక్షన్ నిప్పు జాగ్రత్తల గురించే. అంటే దీనికి ఫ్యాక్టరీల శాఖ తనిఖీ కూడా ఉంటుంది. కానీ అది ఫ్యాక్టరీ నడుస్తున్నప్పటి మాట. నన్ను ఎక్కువ భయపెట్టేది కట్టేటప్పటి నిప్పు. మిర్చి కోతలు సంక్రాంతి తర్వాత జోరందుకుంటాయి. కల్లాల్లో ఎండి, సంచుల్లోకి వచ్చేలోపు గది అప్పజెప్పాలని ఓనరు తొందర. అందుకని ఒకవైపు ఫోమ్ పని, దాని పక్కనే వెల్డింగు, పైన కరెంటు పని, అన్నీ ఒకేసారి. దక్షిణ కొరియాలో ఇచియోన్ అనే ఊరుంది. 2008 జనవరిలో అక్కడ కడుతూ ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచి 40 మంది పనివాళ్లు చనిపోయారు. ఇంత జరిగాక జాగ్రత్తపడి ఉండాలి కదా? 2020 ఏప్రిల్ 29న అదే ఊళ్లో, కడుతూ ఉన్న ఇంకో గోదాములో 38 మంది. రెండోసారి వెల్డింగు నిప్పురవ్వలు ఫోమ్‌కి అంటుకున్నాయని దర్యాప్తులో తేలింది. చెమ్మ దిగకుండా అని ఒక తప్పించుకునే దారిని అప్పటికే గోడ పెట్టి మూసేశారు కూడా. అంత ధనిక దేశం, అంత క్రమశిక్షణ. మన సైటు మీద వెల్డరు పక్కన ఒక బకెట్టు ఇసుకైనా ఉండదు.

సైటు మీద పాటించాల్సినవి పెద్ద చదువులు కావు. ఫోమ్ పరిచిన గదిలో వెల్డింగు జరగకూడదు. తప్పనిసరైతే కింద తడిపిన గోనె పరిచి, పక్కన సిలిండరు పట్టుకుని ఒక మనిషి, పని ఆగాక కూడా అరగంట నుంచి గంటదాకా ఆ మనిషి అక్కడే. చాలా నిప్పులు వెల్డరు వెళ్లిపోయాకే పైకి వస్తాయి. కూలివాళ్లు పత్తికట్టెతో వంట చేసుకునే పొయ్యి ఎక్కడో, థర్మోకోల్ షీట్లు ఎక్కడో కాంట్రాక్టరు స్వయంగా నడిచి చూసుకోవాలి. ఇంకోటి, మన ప్రాంతానికే చెల్లేది: పొడి సున్నం బస్తాలు. కాల్చిన సున్నం మీద నీళ్లు పడితే ఎంత వేడి పుడుతుందో పిడుగురాళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ బస్తాలను పత్తి సంచుల పక్కనో, సెంట్రింగు చెక్క పక్కనో పెడితే ఒక్క వాన చాలు.

పత్తి అన్నాను కాబట్టి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, బడుల్లో ఫైర్ ఇంజను తెచ్చి నీళ్లు చిమ్మి చూపిస్తారు. ఆ తేదీ ఎందుకంటే 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, దాంతోపాటు కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్లు. మధ్యాహ్నం పొగ కనబడింది. ఫైర్ సిబ్బంది గంటల తరబడి నీళ్లు పోశారు. నిప్పు ఎక్కడుందో దొరకలేదు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది, 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు. బిగించిన పత్తి బేలులో నిప్పు ఎలా దాక్కుంటుందో జిన్నింగ్ మిల్లు నడిపేవాళ్లను అడగండి. పైన ఆర్పేశామనుకుంటారు, రెండ్రోజుల తర్వాత నడుమనుంచి మళ్లీ రాజుకుంటుంది. జిన్నింగ్ మిల్లు షెడ్డు కట్టే కాంట్రాక్టరును బేళ్ల గోదాము మెషీన్ల గదినుంచి విడిగా, మధ్యలో పూర్తి గోడతో కట్టమని అడగడానికి కారణం ఇదే. గోడ కప్పు దాకా పోవాలి. రేకుకూ గోడకూ మధ్య అడుగు సందు వదిలితే దూది నుసి అక్కడే పేరుకుంటుంది, నిప్పు దానిమీదుగా నడిచిపోతుంది.

మధ్య తనిఖీలకు ఎవరిని పిలవాలి అంటారా? ఫైర్ పనుల్లో అనుభవమున్న ఇంజనీరును పెట్టుకోవచ్చు. దానికి తోడు దగ్గర్లోని ఫైర్ స్టేషనుకు వెళ్లి, షరతుల కాగితం చేతిలో పెట్టి, ఒకసారి వచ్చి చూడమని స్టేషన్ ఫైర్ ఆఫీసరును అడగండి. అధికారిక తనిఖీ కాదు గనక సర్టిఫికెట్ ఇవ్వరు, సలహా ఇస్తారు. వాళ్లకూ అందులో స్వార్థం ఉంది. రేపు ఆ బిల్డింగులోకి గొట్టం పట్టుకుని వెళ్లాల్సింది వాళ్లే. కోల్డ్ స్టోరేజీలో అమోనియా వాల్వు ఎక్కడ ఆపాలి, కరెంటు ఎక్కడ ఆపాలి, సంపు మూత ఎక్కడుంది, ఇవి ప్లాస్టరింగు కాకముందే కళ్లతో చూసిన ఆఫీసరు రాత్రిపూట చీకట్లో వచ్చినా తడుముకోడు.

చివరి తనిఖీ రోజు సంగతి ఎక్కువ చెప్పను. ఆమోదించిన నక్షా, కరెంటు తనిఖీ పత్రం, పంపు, వాల్వుల పరీక్ష కాగితాలు ఒక ఫైల్లో ఉండాలి. డీజిలు పంపులో డీజిలు పోసి ఉంచాలి. నవ్వొస్తుంది గానీ, చాలాచోట్ల పంపు స్టార్టు కాక వెనక్కి వెళ్లడానికి ఇదే కారణం. టెర్రస్ తాళంచెవి ఉన్న మనిషి ఊరెళ్లకూడదు. పక్క బిల్డింగులోనుంచి ఎర్ర సిలిండర్లు అరువు తెచ్చి తగిలించి, ఆఫీసరు వెళ్లగానే తిరిగి ఇచ్చేసే పద్ధతి ఒకటుంది. దాని గురించి మాట్లాడ్డం కూడా సమయం వృథా.

ఎన్‌వోసీ వచ్చింది కదా, ఇక అయిపోయిందనుకోకూడదు. దానికి గడువుంటుంది, రెన్యూవల్ ఉంటుంది. గడువు మధ్యలో కూడా వాడకం మారితే పాత లెక్కలు పనికిరావు. విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్ కరోనా కాలంలో కొవిడ్ కేర్ సెంటర్ అయింది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మంటలొచ్చాయి, 10 మంది చనిపోయారు. హోటల్లో బస చేసేవాడు కింద పొగ వస్తే లేచి పరిగెత్తగలడు. జ్వరంతో, ఆయాసంతో మంచం పట్టిన మనిషి పరిగెత్తలేడు. అదే మెట్లు, అవే తలుపులు. లోపలి మనుషులు మారారు. దాచేపల్లిలో ఇలాంటి మార్పులు చిన్నవిగా రోజూ జరుగుతుంటాయి. కింద ఎరువుల కొట్టు, పైన ట్యూషన్ సెంటరు. కింద బ్యాటరీ బండ్ల షోరూము, పైన లాడ్జి. సికిందరాబాదులో 2022 సెప్టెంబరులో ఎనిమిది మందిని బలితీసుకున్నది సరిగ్గా ఇలాంటి అమరికే, కింద ఎలక్ట్రిక్ బండ్లు, పైన లాడ్జి. ఈ మార్పులకు గోడ కట్టమనో, షట్టరు పెట్టమనో మొదట పిలుపు వెళ్లేది కాంట్రాక్టరుకే. ఫైర్ వాళ్లకు చెప్పారా అని అడగగలిగిన మొదటి మనిషి కూడా ఆయనే.

ఇవన్నీ చెబితే కాంట్రాక్టర్లు వేసే ప్రశ్న ఒకటుంది, న్యాయమైనదే. మధ్య తనిఖీల ఖర్చు ఎవరిది? ఒక రోజు పని ఆగుతుంది, ఇంజనీరు ఫీజు, పైపులు పరీక్షించిన మనుషుల కూలి. అడుగుకింత అని లెక్కగట్టి ఒప్పుకున్నవాడు అది తన జేబులోంచి ఎందుకు పెడతాడు? పెట్టడు. అందుకని అగ్రిమెంటు రాసే రోజే ఒక వరస చేర్చుకోవాలి. మనవాళ్లు బిల్లులు పునాదికి ఇంత, స్లాబుకు ఇంత, ప్లాస్టరింగుకు ఇంత అని విడతలుగా రాసుకుంటారు. ప్లాస్టరింగు విడత డబ్బు విడుదలయ్యే ముందు ఫైర్ లైను పరీక్ష కాగితం చూపాలి, దాని ఖర్చు ఓనరుది అని రాయించుకోండి. ఓనరు ఒప్పుకోకపోతే ఒక సంగతి గుర్తు చెయ్యండి. రేపు గోదాము తగలబడితే సరుకు దాచిన రైతులు బాండ్లు పట్టుకుని వచ్చేది ఆయన గుమ్మంలోకే, బీమా కంపెనీ ముందు అడిగే కాగితాల్లో ఫైర్ ఎన్‌వోసీ ఒకటి. ఇందాక నేను చెప్పిన ఫంక్షన్ హాలు కుర్రవాడు ఈ వరస రాయించుకోలేదు. డక్టు కంతలు పూడ్చడానికి అయిన డబ్బు ఓనరూ తనూ చెరి సగం పెట్టుకున్నారని విన్నాను. ప్లాస్టరింగు నాలుగు రోజులు ఆలస్యమైంది. మేస్త్రి ఆ నాలుగు రోజులూ కూలీలను కాంపౌండు గోడ పనిలో పెట్టాడు.